కొలరాడో కొండల్లో నారో గేజ్: ఏ రైలు ఎక్కాలి?

అమెరికాలోని కొలరాడో గనుల కొండల్లో ఒక్క రైలు మాత్రమే ఎక్కే వీలుంటే కుంబ్రెస్–టోల్టెక్ ఎక్కండి. డురాంగో–సిల్వర్టన్‌కి పేరెక్కువ, దారీ అందమైనదే. కానీ ఈ కొండలకు నారో గేజ్ ఎందుకు పనికొచ్చిందో బాగా తెలిసేది కుంబ్రెస్ ఎక్కుడులోనే.

1870లో జనరల్ పామర్ స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ కంపెనీ 3 అడుగుల (914 మి.మీ.) గేజ్ ఎంచుకుంది. పట్టాలు దగ్గరగా ఉంటే మలుపులు ఇరుకుగా తిప్పొచ్చు, కొండను తక్కువ తవ్వొచ్చు. బ్రాడ్ గేజ్‌లో వేసిన మన కొత్తవలస–కిరండూల్ లైనుకు 58 సొరంగాలు పట్టాయి. కుంబ్రెస్ లైను 64 మైళ్లలో ఉన్నవి రెండే, మిగతాదంతా కొండ అంచు పట్టుకుని తిరుగుతుంది.

దీనికి చెల్లించిన మూల్యం, గేజ్ మారే చోటల్లా సరుకు దించి మళ్లీ ఎక్కించడం. అందుకే 1890 ప్రాంతంలో కంపెనీ తన ప్రధాన మార్గాన్ని అంతకంటే వెడల్పైన స్టాండర్డ్ గేజ్‌కి మార్చింది. 1893లో వెండి ధర కూలిపోయాక శాన్ వాన్ కొండల్లోని గనుల లైన్ల మీద అంత డబ్బు పెట్టేవాళ్లు లేకపోయారు. అవి అలాగే మిగిలిపోయాయి. 1960ల చివర్లో సరుకు రవాణా ఆగింది, చామా–డురాంగో మధ్య పట్టాలు పీకేశారు. ఇప్పటి కుంబ్రెస్–టోల్టెక్ నడిచే ఆంటొనిటో–చామా ముక్కను 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసి కొన్నాయి.

ఎక్కడం చామా నుంచే మంచిది. అక్కడి నుంచి కుంబ్రెస్ కనుమ వరకు 14 మైళ్లలో 7,863 అడుగుల నుంచి 10,015 అడుగులకు, గరిష్ఠంగా వందకు నాలుగు అడుగుల వాలులో రైలు ఎక్కుతుంది. 1925 నాటి బాల్డ్విన్ ఇంజన్ శ్రమంతా చెవులకు వినిపిస్తుంది. ఆంటొనిటో నుంచి వస్తే ఎక్కుడు వాలు 1.42 శాతమే, ఈ నిటారు భాగం దిగుడుగా వస్తుంది. కప్పులేని పెట్టెలోకి ఏ టికెట్ ఉన్నవాళ్లయినా వెళ్లి నిలబడొచ్చు. ఇంజన్ నుసి కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. దారి మధ్యలో ఆగే ఒసియర్‌లో భోజనం టికెట్‌లోనే కలిసి ఉంటుంది. శాకాహారులు బుకింగ్ అప్పుడే అడగాలి. ఒకవైపు రైలు, మరోవైపు బస్సు అయితే బస్సు ముందా వెనకా అన్నది కనుక్కుని, దాన్నిబట్టి కారు ఎక్కడ ఆపాలో తేల్చుకోండి. చామా, ఆంటొనిటో చిన్న ఊళ్లు. బస, సరుకులకు అలమోసా నయం.

డురాంగో–సిల్వర్టన్ 1882లో పూర్తయింది, 45 మైళ్లు. వెళ్లేటప్పుడు కుడివైపు సీటు తీసుకోండి. అనిమాస్ నది లోయ, రాతి అంచు మీది హై లైన్ అటే కనిపిస్తాయి. ఇక్కడ కప్పులేని పెట్టెలో సీటుకు విడిగా టికెట్ కొనాలి. ఒకవైపే మూడున్నర గంటలు. రానుపోను రైల్లోనే అంటే చిన్నపిల్లలకు విసుగు, తిరుగు ప్రయాణం బస్సులో చేస్తే హాయి. సిల్వర్టన్‌లో దొరికేది రెండు గంటలే, అందులో సగం భోజనానికే పోతుంది. గనుల ఊరు చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. కానీ అది 9,318 అడుగుల ఎత్తు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే కాబట్టి ముందు రాత్రి డురాంగోలో (6,512 అడుగులు) గడపండి. పాత కట్టడాల మీద ఇష్టముంటే 1887 నాటి స్ట్రేటర్ హోటల్ ఉంది. పట్టాలకు దగ్గరగా గది తీసుకుంటే పొద్దున్నే కూత వినాల్సిందే.

డెన్వర్ నుంచి ఒక్క పూటే ఉంటే జార్జ్‌టౌన్ లూప్ చాలు. జార్జ్‌టౌన్, సిల్వర్ ప్లూమ్ ఊళ్ల మధ్య దూరం రెండు మైళ్లే, ఎత్తు తేడా 640 అడుగులు. అందుకే 1884లో పట్టాన్ని చుట్టు తిప్పి తన మీదుగానే దాటించారు. ఇప్పుడున్న ఎత్తైన వంతెన 1984లో మళ్లీ కట్టింది, పాతదాన్ని 1939లో విప్పేశారు. ఆవిరి ఇంజనే కావాలంటే ఆ రోజు డీజిల్ కాదని ముందే కనుక్కోండి. లెబనాన్ వెండి గని టూర్ కూడా కలిపి తీసుకోండి. లోపల చలి, జులైలోనైనా స్వెట్టర్ ఉండాలి.