వాలు చేనుకి రివర్సిబుల్ మడక కొంటున్నారా? కాటా వేయించకుండా డబ్బు కట్టొద్దు

మదనపల్లె, తంబళ్ళపల్లె, పలమనేరు వైపు కొండల కింద ఏటవాలు చేలు ఉన్న రైతులకు, 40 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్ పెట్టుకుని హైడ్రాలిక్ రివర్సిబుల్ మడక కొనాలని చూస్తున్న ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాలి. నేను దాదాపు లక్షన్నర పెట్టి రెండు రెక్కల రివర్సిబుల్ మడక కొన్నాను. పాంప్లెట్‌లో దాని బరువు 320 కిలోలు అని అచ్చు వేశారు. తర్వాత కాటా మీద పెడితే 410 కిలోలు తూగింది. 90 కిలోల తేడా. చదును నేలలో ఈ తేడా పెద్దగా తెలియదు. వాలు మీద మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది, అది తేలే వరకు రాయదలచుకోలేదు. పైగా ఇది ఒక్క షాపు సంగతి కాదు. ఇదే మాటలు చెప్పి అమ్మే షాపులు ఇంకా ఉన్నాయి.

ముందు ఒక మాట. రివర్సిబుల్ మడకే చెడ్డదని నేను అనడం లేదు. మన వాలు చేలకు సరైన పనిముట్టు అదే. మామూలు రెక్క నాగలి మట్టిని ఎప్పుడూ కుడివైపుకే తిరగేస్తుంది. వాలుకి అడ్డంగా దున్నుకుంటూ పోతే ఒక సాలులో మట్టి పైకి పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు కిందికి పడుతుంది. ఏటా ఇలాగే చేస్తే పై కయ్యలో గుండ్లు తేలతాయి, పనికొచ్చే ఎర్రమట్టి గట్టు పక్కకు చేరుతుంది, ఒక్క పెద్ద వాన పడితే అది కూడా వంకలో కలుస్తుంది. రెండు రెక్కల రివర్సిబుల్‌లో కింద రెండు రెక్కలు, వాటికి జతగా పైన ఇంకో రెండు ఉంటాయి. చివరికి పోయాక మడకను పల్టీ కొట్టిస్తే వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మట్టి ఒకే వైపు, అంటే పైవైపుకే పడుతుంది. చేను మధ్యలో కాలువలా లోతు సాలు మిగలదు.

ఇంకొక లాభం ఉంది, దీన్ని షాపుల్లో ఎవరూ చెప్పరు. చేను పై అంచు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ మట్టిని పైకి తిరగేస్తే, ట్రాక్టర్ పైవైపు చక్రం ముందు తీసిన సాలులో నడుస్తుంది. వంద అడుగులకు 15 అడుగులు దిగే చేను అనుకోండి. చక్రాల మధ్య దూరం నాలుగున్నర అడుగులు ఉంటే, కింది చక్రం పైదానికంటే సుమారు 8 అంగుళాలు కిందుంటుంది. సాలు లోతు కూడా 8, 9 అంగుళాలు కాబట్టి పైచక్రం అందులో దిగగానే ట్రాక్టర్ దాదాపు సమంగా నిలబడుతుంది. అదే మట్టిని కిందికి వేస్తూ దున్నితే కింది చక్రం సాలులో పడుతుంది. అప్పుడు తేడా 16 అంగుళాలు దాటుతుంది. ట్రాక్టర్ బోల్తా పడే ప్రమాదం అక్కడే ఉంది. కాబట్టి డ్రైవర్ ఎవరైనా సరే, మట్టి పైకే వేయమని గట్టిగా చెప్పండి. వాలు మరీ నిటారుగా ఉంటే తిరగేసిన గడ్డ నిలవదు, మళ్ళీ సాల్లోకే జారుతుంది. అలాంటి చోట ఈ మడక దించకపోవడమే మంచిది.

ఇంత మంచి పనిముట్టుని మనకు అమ్మేటప్పుడు ఏం చేస్తున్నారో చూడండి.

నాకు డెమో ఇచ్చింది ఊరి పక్కన చెరువు కింద చదును మడిలో. తడి ఆరిన నేల, ఒక్క గుండు లేదు. మడక వెన్నలా దిగింది. మా చేలోకి తెచ్చి చూపించమంటే, "ఎక్కడైనా ఇదే మడక, ఇదే పని అన్నా" అన్నారు. మడక ఎత్తితే ట్రాక్టర్ ముందు భాగం లేస్తుందేమో అని అడిగితే, "మీ ట్రాక్టర్ లిఫ్ట్ 1,500 కిలోలు ఎత్తుతుంది, మూడొందల కిలోల మడక దానికి ఒక లెక్కా?" అన్నారు. వినడానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఈ రెండింటికీ సంబంధం లేదు. లిఫ్ట్ ఎంత ఎత్తగలదు అన్నది హైడ్రాలిక్స్ బలం. ఎత్తాక ముందు చక్రాలు నేలకు ఆనుతాయా లేదా అన్నది ట్రాక్టర్ తూకం. వెనక ఇరుసుకి అయిదారు అడుగుల దూరంలో మడక బరువు వేలాడుతుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం కూడా దాదాపు అంతే. అంటే వెనక 410 కిలోలు ఎత్తితే ముందు ఇరుసు మీద నుంచి సుమారు 350 కిలోలు పోతుంది. పాంప్లెట్‌లో దాచిన ఆ 90 కిలోలే ముందు నుంచి 80 కిలోల దాకా తీసేస్తున్నాయి.

పనిముట్టు ఎత్తి పట్టుకున్నప్పుడు ముందు ఇరుసు మీద ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం ఉండాలని యంత్రాల కంపెనీలే తమ మాన్యువల్స్‌లో రాస్తాయి. 2,000 కిలోల ట్రాక్టర్ అయితే 400 కిలోలు. అంతకంటే తగ్గితే స్టీరింగ్ పట్టు ఉండదు. చదును మీద లెక్క ఎలాగో సరిపోయినా, ఎగువకు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది. మా పై కయ్య చివర మడక ఎత్తి మలుపు తిప్పుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. స్టీరింగ్ తిప్పినా ట్రాక్టర్ తిరగలేదు. ఒక వైపు బ్రేకు తొక్కి, మడకను వెంటనే దించేయడంతో ఆగింది. పక్కనే గట్టు, గట్టు కింద ఎనిమిది అడుగుల పల్లం. ఆ రోజు ఏమీ కాలేదు, అంతే.

ఆ మర్నాడే మడకను కాటాకు తీసుకెళ్ళాం. ఈ తనిఖీ మీరు కొనే ముందే చేయించుకోండి, ఖర్చు కూడా పెద్దగా కాదు. వే బ్రిడ్జి మీద మొదట మడక లేకుండా ట్రాక్టర్‌ని తూయించండి. తర్వాత మడక తగిలించి, పూర్తిగా పైకి ఎత్తి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలపండి. ఆ తూకం మొదటి దాంట్లో అయిదో వంతు కంటే తక్కువ వస్తే ఆ జత మీకు పనికిరాదు. సరిగ్గా అయిదో వంతు వచ్చినా వాలు చేనుకి చాలదు, ముందు బంపర్‌కి వెయిట్లు తగిలించాలి. ఆ వెయిట్ల ధర కూడా బేరంలో కలపమని అడగండి. "కాటాకి ఎందుకన్నా, మా మీద నమ్మకం లేదా" అన్న షాపులో కొనకండి.

రెండో సమస్య పల్టీ. మడక తిరగాలంటే సిలిండర్‌కి రెండు వైపులా ఆయిల్ వెళ్ళాలి, అంటే ట్రాక్టర్‌కి డబుల్ యాక్టింగ్ డీసీవీ (ఆయిల్‌ని రెండు వైపులా పంపే కంట్రోల్ వాల్వ్) ఉండాలి. మన దగ్గర తిరిగే చాలా ట్రాక్టర్లకు, ముఖ్యంగా పాతవాటికి, అది ఉండదు. నా ట్రాక్టర్‌కీ లేదు. "మేమే బిగిస్తాం, బిల్లులో కలిసే ఉంది" అని చెప్పి, మార్కు కూడా లేని ఒక వాల్వ్ బిగించి పంపారు. కొన్ని ఎకరాలు దున్నేసరికే ఆయిల్ కారడం మొదలైంది. ట్రాక్టర్ సర్వీసుకి తీసుకెళ్తే, బయట వాల్వ్ వేశారు కాబట్టి హైడ్రాలిక్స్‌కి వారంటీ వర్తించదన్నారు. ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు. మీ ట్రాక్టర్ వారంటీలో ఉంటే, డీసీవీని ట్రాక్టర్ డీలర్ దగ్గరే వేయించుకోండి. ఆ బిల్లు విడిగా తీసుకోండి.

చదును నేలలో చక్కగా తిరిగిన మడక వాలు మీద నడిమధ్యకు వచ్చి ఆగేది. ట్రాక్టర్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది కాబట్టి, దిగువ వైపు నుంచి ఎగువ వైపుకు తిరగడానికి ఎక్కువ బలం కావాలి. ఆయిల్ కారే వాల్వ్‌తో ఆ బలం రాదు. నిటారుగా నిలిచి, ఒక్కసారిగా మళ్ళీ కింది వైపే పడేది. నాలుగొందల కిలోల ఇనుము అది. మడక తిప్పేటప్పుడు పక్కన మనిషి ఉండకూడదు, పిల్లల్ని ఆ దరిదాపులకే రానివ్వకండి. ఇరుక్కుంటే చేత్తో తోసి తిప్పాలని చూడకండి. ముందు నేలకు దించండి.

ఇక కర్రులు, బోల్టులు. బోరాన్ స్టీల్ కర్రులని చెప్పి ఇచ్చారు. మా చేలో గుండ్లు తగిలేసరికి రేకులా మడుచుకున్నాయి. కొనే ముందు ఒక ఆకురాయి తీసుకెళ్ళి కర్రు మొన మీద రుద్ది చూడండి. గట్టిపరిచిన స్టీల్ మీద ఆకురాయి అంత సులువుగా పట్టదు. సులువుగా పొడి రాలిందంటే మామూలు ఇనుముకే రంగు వేసి బోరాన్ అంటున్నారేమో అని అనుమానించండి. రాయి తగిలినప్పుడు తెగిపోవడానికే షియర్ బోల్టు పెడతారు. అది తెగితే మడక బతుకుతుంది. నా దాంట్లో ఆ చోట లావు హైటెన్సైల్ బోల్టు బిగించారు. బోల్టు తెగలేదు, ఫ్రేమే వంగింది. అడిగితే "మీ నేల రాళ్ళ నేల, వారంటీ రాదు" అన్నారు. నేల ఎలాంటిదో కొనక ముందే చెప్పాను. అప్పుడు ఏ నేలకైనా తిరుగులేదన్నారు.

గుండ్లు మరీ ఎక్కువగా ఉన్న చేలకు రెక్క నాగలి కంటే డిస్క్ నాగలి మేలు. రాయి తగిలితే డిస్క్ దాని మీదికి దొర్లి దాటిపోతుంది. డిస్కుల్లో కూడా రివర్సిబుల్ రకం దొరుకుతుంది. పైమట్టి జానెడు కూడా లేని చోట రెక్క నాగలి లోతుగా దించితే అడుగున ఉన్న గరుసు పైకొస్తుంది, ఆ ఏడాది చెనిక్కాయ దిగుబడి దెబ్బతింటుంది. అలాంటి చేనుకి ఎంత మంచి రివర్సిబుల్ అయినా అనవసరం. అద్దెకు దొరికితే ఒక పూట మీ చేలోనే, మీ ట్రాక్టర్‌కే తగిలించి దున్ని చూడండి. మీ ట్రాక్టర్ 40 హెచ్‌పీ కంటే తక్కువదైతే రెండు రెక్కల హైడ్రాలిక్ మడక జోలికే పోకండి.

కాగితాల విషయం కూడా చెప్పాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోనూ ఇలాంటి సంస్థ ఉంది. మీరు కొనే మోడల్‌కి ఇలాంటి సంస్థ ఇచ్చిన టెస్ట్ రిపోర్ట్ నకలు అడగండి. అందులో కొలిచి చూసిన బరువు ఉంటుంది, పాంప్లెట్‌లో వేసిన అంకె కాదు. రిపోర్ట్‌లోని మోడల్ నంబరు, మడక మీద ప్లేటుపై ఉన్న నంబరు ఒకటేనా అని పోల్చుకోండి. నాకు చూపించిన రిపోర్ట్ వేరే మోడల్‌ది, అది కూడా ఫోన్‌లో ఒక పేజీ. సబ్సిడీ వస్తుందని ఆశపెట్టి అడ్వాన్స్ అడిగితే, ఆ మోడల్ నిజంగా జాబితాలో ఉందో లేదో ముందు రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి.

బిల్లులో మోడల్, సీరియల్ నంబరు, బరువు, ఎన్ని హెచ్‌పీ ట్రాక్టర్‌కి పనికొస్తుందో రాయించుకోండి. నా బిల్లులో "వ్యవసాయ పనిముట్టు" అని ఒక్క ముక్క రాశారు, ఇప్పుడు కేసులో దాని మీదే వాదన. జీఎస్టీ కూడా చూసుకోండి. దుక్కి యంత్రాల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర పట్టిక చూపించి పాత పన్నే వేస్తుంటే ఒప్పుకోకండి.

ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్ళు షాపు చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సొంత జీవనోపాధికి, మన చేనులో మనం వాడుకోవడానికి కొన్న యంత్రానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. వంగిన ఫ్రేమ్‌ని వెల్డింగ్ చేయించే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి, వీడియో తీయండి. మడుచుకున్న కర్రులు పాత ఇనుముకి వేయకండి, తెగని బోల్టు కూడా దాచండి. కాటా చీటీ మీద తేదీ, ట్రాక్టర్ నంబరు పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. ఆ చీటీ మీద అచ్చు కొన్నాళ్ళకు చెరిగిపోతుంది, అదే రోజు జిరాక్స్ తీయించి పెట్టుకోండి.