ద్వారకానగర్ అమెరికన్ లిటరేచర్ వీకెండ్ బ్యాచ్: క్లాసు బంగారం, మెటీరియల్ దండగ

లెక్చరర్ ఉద్యోగ అర్హత పరీక్షలు నెట్, సెట్‌కి ఇంగ్లీష్ లిటరేచర్ రాసేవాళ్ళు ఈ బ్యాచ్ ఎలా ఉందని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం రాయను, ఎందుకో కింద చదివితే అర్థమవుతుంది.

ముందు సార్ గురించి. ఎక్కడికెళ్ళినా ప్యూరిటన్, రొమాంటిక్, రియలిజం, మోడర్నిజం అంటూ కాలాల పట్టిక బట్టీ కొట్టిస్తారు కదా, ఈయన దాని జోలికే పోలేదు. ఏ పుస్తకం తీసినా అడిగేది ఒకటే: కథ ఎప్పటిది, రాసింది ఎప్పుడు, ఆ మధ్యలో ఏం మారింది?

‘ది క్రూసిబుల్’ నాటకమే తీసుకోండి. కథ 1692లో, సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసిన రోజులది. ఆర్థర్ మిల్లర్ దాన్ని స్టేజి ఎక్కించింది 1953లో, అమెరికాలో కమ్యూనిస్టులెవరో చెప్పు, నీతో మీటింగులకి వచ్చినవాళ్ళెవరో చెప్పు అని జనాన్ని పీడిస్తున్న టైంలో. అది తెలిశాక, నాటకంలో హీరో జాన్ ప్రాక్టర్ తోటివాళ్ళ పేర్లు చెప్పనని మొండికేసే సీను సేలం దగ్గరే ఆగదు. 1956లో మిల్లర్‌నే కమ్యూనిస్టుల ఆరా తీసే అమెరికా చట్టసభ కమిటీ ముందు కూర్చోబెట్టి పేర్లు అడిగారు, ఆయనా చెప్పలేదు.

మార్క్ ట్వెయిన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ క్లాసు ఇంకా బాగుంది. కథ బానిసత్వం ఉన్న రోజులది, అమెరికాలో పుస్తకం వచ్చింది 1885లో, బానిసత్వం చట్టప్రకారం 1865లోనే పోయింది. మరి ట్వెయిన్ పోట్లాట ఎవరితో? ఇక్కడే సార్ 1877ని పట్టుకొచ్చారు. ఆ ఏడాది దక్షిణాది నుంచి కేంద్ర సైన్యం తప్పుకుంది, ఆ తర్వాత నల్లవాళ్ళకి వచ్చిన హక్కులు ఒక్కొక్కటే లాగేసుకున్నారు. ఇప్పుడు ఆఖరి అధ్యాయాలు చూడండి. పారిపోయి దొరికిపోయిన బానిస జిమ్‌ని యజమానురాలు వీలునామాలో ఎప్పుడో విడుదల చేసేసింది, ఆ సంగతి తెలిసి కూడా హక్ స్నేహితుడు టామ్ సాయర్ నోరు విప్పకుండా, సరదా కోసం అతన్ని తప్పించే నాటకం ఆడతాడు, అన్నాళ్ళూ జిమ్ కాలికి గొలుసు అలాగే ఉంటుంది. ఈ భాగం సాగదీత అనేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, 1877 తర్వాతి సంగతులు విని చదివితే నాకైతే ఒళ్ళు మండింది.

ఫిట్జ్‌జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మీద కూడా మంచి మాటే చెప్పారు: 1925లో దాన్ని అచ్చువేసినాయనకి 1929 షేర్ మార్కెట్ పతనం సంగతి తెలీదు, మనకి తెలుసు, అందుకే ఆ పార్టీలన్నీ మనకి వేరేలా కనిపిస్తాయి.

ఇక మెటీరియల్. విడిగా డబ్బు కట్టించుకుని ఇచ్చిన ఆ స్పైరల్ బుక్‌లో ‘ది స్కార్లెట్ లెటర్’ నవల ప్యూరిటన్ యుగంలో, అంటే 1600ల నాటి కఠిన మతాచారపు వలసవాసుల కాలంలో ఉంది! కథ 1640ల బోస్టన్‌దే, కానీ హాథార్న్ దాన్ని అచ్చువేసింది 1850లో. 1960 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ని కూడా కథ 1930ల్లో జరుగుతుందని డిప్రెషన్ (ఆర్థిక మాంద్యం) సాహిత్యంలో పడేశారు. సార్ క్లాసులో ఏది కలపొద్దని గొంతు చించుకుంటారో బుక్ సరిగ్గా అదే కలిపేసింది, ఆయన దాన్ని ఒక్కసారైనా తిరగేశారా అని నా డౌటు. ఆఫీసులో చెప్తే “నెక్స్ట్ ఎడిషన్‌లో చూస్తాం” అన్నారు.

కవిత్వం మరీ అన్యాయం. ఎమిలీ డికిన్సన్‌ని అరగంటలో లాగించేశారు. ఆవిడ చాలా కవితలు అమెరికా సివిల్ వార్ (1861-65) ఏళ్ళలో రాసింది, అవి ఆవిడ పోయాక 1890లో గానీ పుస్తకంగా రాలేదు, సార్ పద్ధతికి ఇంతకన్నా మంచి కేసు ఏముంటుంది చెప్పండి!

ఏసీ పేరుకే, మేలో చేరితే వెనక బెంచీలో చెమటతో తడిసిపోతారు. ఫీజు ఒకేసారి కట్టకండి, అడిగితే రెండు వాయిదాలకి ఒప్పుకుంటున్నారు. మెటీరియల్ తప్పనిసరి అంటే అస్సలు వినొద్దు, మా బ్యాచ్‌లో కొననివాళ్ళు కూడా హాయిగా కూర్చున్నారు.