అక్వేరియం సంప్: మూడేళ్లు వాడాక నా అనుభవం

సంప్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఇంటి ముందు భూమిలో కట్టే నీళ్ల తొట్టి. నేను చెప్పేది అక్వేరియం కింద క్యాబినెట్‌లో పెట్టే ఫిల్టర్ తొట్టి సంగతి. ట్యాంకు నీళ్లు ఒక పైపులోంచి దీంట్లోకి దిగి, గదులు గదులుగా వడకట్టుకుని, చివరి గదిలోని మోటారుతో ఇంకో పైపులో మళ్లీ పైకెళ్తాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకులో రెండు ఆస్కార్ చేపలు పెంచుతున్నాను. బాగా తింటాయి, నీళ్లను అంతకంటే బాగా పాడు చేస్తాయి. పాత ఫిల్టర్ వారానికి రెండుసార్లు కడిగినా నీళ్లు మసకగానే ఉండేవి. సంప్ పెట్టిన రెండు నెలలకు వెనక గోడకున్న క్యాలెండర్‌లో అంకెలు ట్యాంకులోంచి చదవగలిగాను. ఆ విషయంలో దీనికి వంక పెట్టడానికి లేదు.

దెబ్బ తిన్నది ప్లంబింగ్ దగ్గర. మోటారు నడుస్తున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. కరెంటు పోయిందంటే నీళ్లు పైకి పంపే పైపే సైఫన్‌లా మారి, మోటారు లేకుండానే ట్యాంకులోని నీళ్లను వెనక్కి సంప్‌లోకి లాగేస్తుంది. పైపు మూతి నీళ్లలో ఎంత లోతుంటే అంతవరకూ లాగుతుంది. నాది నాలుగంగుళాల లోతులో ఉండేది. నా ట్యాంకులో అంగుళానికి 14 లీటర్లు, అంటే 56 లీటర్లు కిందికి రావాలి. 88 లీటర్ల సంప్‌లో అప్పటికే 55 ఉన్నాయి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉంది కదా అనుకున్నాను. ఓ రాత్రి కరెంటు పోయింది. "ఒరేయ్, హాల్లో ఈ నీళ్లేంట్రా!" అని అమ్మ అరిస్తే లేచాను. వాల్వ్ విప్పి చూస్తే మూత సందులో మిరియం గింజంత నత్త ఇరుక్కుని ఉంది.

ఆ తర్వాత చెక్ వాల్వ్‌ను నమ్మడం మానేశాను. పైపు మూతిని నీటి మట్టానికి అంగుళం కిందికి తెచ్చి, ఇంకాస్త పైన పైపుకే సన్నటి చిల్లు పెట్టాను. నీళ్లు చిల్లు కిందికి దిగగానే సుర్‌మని గాలి పీల్చుకుని సైఫన్ తెగిపోతుంది. ఆ చిల్లులో నాచు పడుతుంది, ప్రతి ఆదివారం టూత్‌పిక్‌తో తీస్తాను. సంప్ కొత్తగా పెట్టేవాళ్లు మోటారు ఆపి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగుతాయో తప్పకుండా చూడండి. మళ్లీ మోటారు వేశాక మట్టం ఎక్కడ నిలుస్తుందో అక్కడ మార్కర్‌తో గీత గీసి, ఎప్పుడూ అంతకు మించి నింపకండి.

కిందికి దిగే పైపు మొదట్లో గడగడమని మోగేది, హాల్లో పడుకోలేకపోయేవాళ్లం. దానికి తిప్పేకొద్దీ కొంచెం కొంచెంగా మూసుకునే గేట్ వాల్వ్ వేసి, పైపు నిండా నీళ్లు దిగేలా సర్దాక చప్పుడు పోయింది. పావు తిప్పుకే పూర్తిగా మూసుకునే బాల్ వాల్వ్‌తో అంత సన్నగా సర్దడం కుదరలేదు. ఆ దిగే పైపు మూసుకుపోతే ట్యాంకులో నీళ్లు పొంగకుండా పక్కన వాల్వ్ లేని రెండో పైపు ఉండాల్సిందే. ట్యాంకు చేయించేటప్పుడే రెండు చిల్లులూ వేయించుకోండి.

ఎండాకాలం రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. ఆ తగ్గుదలంతా మోటారున్న చివరి గదిలోనే కనిపిస్తుంది. పెద్ద ట్యాంకు నిండుగానే ఉంటుంది కాబట్టి మనం గమనించం, మోటారు గాలి లాగి గుర్రుమంటుంది. కొత్తగా కట్టిస్తే ఆ గదిని ఇంకో అరడుగు పొడవు చేయిస్తాను. సంప్‌లో వేసే సిరామిక్ రింగులను మాత్రం కుళాయి నీళ్లతో కడగను, క్లోరిన్‌కు వాటిలో ఉండి నీళ్లు శుభ్రం చేసే బ్యాక్టీరియా చస్తుంది. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీళ్లలోనే జాడించి పెడతాను.