2012 ఆర్2 సర్వర్‌ని నేరుగా 2022కి మారుస్తామంటే అడ్వాన్స్ ఇవ్వకండి

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. బిల్లింగంతా ఒకే ఒక విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచేది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 అక్టోబరుతో అయిపోయింది. "ఉన్న మెషీన్ మీదే కొత్త వెర్షన్ 2022 వేసేస్తాం, ఒక్క ప్రోగ్రామ్ కూడా కదలదు, ఆదివారం ఒక్క పూట చాలు" అని ఓ సర్వీసు వాళ్ళు చెబితే నమ్మి సగం డబ్బు ముందే ఇచ్చాను.

సోమవారం పొద్దున షట్టర్ తీసి చూస్తే సర్వర్ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ లేదు, స్టాఫ్ లాగిన్లు లేవు, ప్రింటర్లు లేవు. డేటా డి డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాం. రెండు రోజులు బిల్లులు చేత్తోనే రాశాం. గట్టిగా అడిగితే వచ్చిన కుర్రాడు అసలు సంగతి చెప్పాడు. సెటప్‌లో ఫైళ్ళూ ప్రోగ్రాములూ అలాగే ఉంచే ఆప్షన్ మసకగా ఉండి నొక్కితే పడలేదట. దాంతో కింద ఉన్న "ఏమీ ఉంచొద్దు" నొక్కేశాడట. మసకగా ఉందంటే అక్కడే ఆగమని కదా నాయనా!

తర్వాత తెలిసింది, 2012 ఆర్2 నుంచి 2022కి నేరుగా దారే లేదని. ముందు 2016కో 2019కో వెళ్ళాలి, అక్కడి నుంచి 2022కి. విచిత్రం ఏంటంటే, ఇంకా కొత్తదైన 2025కి మాత్రం 2012 ఆర్2 నుంచి ఒకే అంగలో వెళ్ళొచ్చు. దారి సరైనదైనా, విండోస్ భాష మారితే ప్రోగ్రాములు నిలవవు. పై రకమైన డేటాసెంటర్ ఎడిషన్ నుంచి మామూలు స్టాండర్డ్‌కి దిగడమూ కుదరదు.

ఇంకో దెబ్బ వారం తర్వాత కనబడింది. స్క్రీన్ కింద కుడి మూల సన్నటి అక్షరాల్లో "ఎవాల్యుయేషన్", పక్కనే మిగిలిన రోజుల లెక్క. అంటే 180 రోజుల ట్రయల్ కాపీ వేసి, లైసెన్స్ డబ్బులు కూడా బిల్లులో కలిపారన్నమాట. గడువు దాటితే సర్వర్ గంటకోసారి దానంతటదే ఆగిపోతుంది. మాది డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లో అందరి లాగిన్లూ చూసుకునే సర్వర్) కాదు కాబట్టి, అసలు లైసెన్స్ కీ ఉంటే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకుండానే పూర్తి వెర్షన్‌కి మార్చుకోవచ్చు. పాత 2012 క్యాల్ లైసెన్సులు (సర్వర్ వాడే ఒక్కో మనిషికో కంప్యూటర్‌కో విడిగా కొనేవి) 2022కి చెల్లవు, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఎవరైనా వస్తే ఏ వెర్షన్ మీదుగా ఏ వెర్షన్‌కి వెళ్తారో కాగితం మీద రాయించుకోండి. పూర్తి బ్యాకప్ తీసి, అది వేరే మెషీన్‌లో తెరుచుకుంటోందని మీ కళ్ళతో చూశాకే సీడీ పెట్టనివ్వండి.

ఆ సర్వీసు వాళ్ళు మిగతా సగం డబ్బు కోసం ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. కీ పెట్టి యాక్టివేట్ చేసి చూపించమన్నాను. రేపొస్తాం అంటున్నారు, మూడు వారాలుగా.