షామియానా బుకింగులకు రాడికాలే సర్వరు: మూడేళ్ల వాడకం తరువాత

కడప ఎర్రముక్కపల్లెలో మాకు షామియానా సామాను అద్దెకిచ్చే దుకాణం ఉంది. పెళ్లిళ్ల బుకింగులన్నీ ఒకే నోటుపుస్తకంలో ఉండేవి. తేదీ అడిగే మనిషి ఫోను చేసే వేళకు పుస్తకం దుకాణంలోనూ నేను ప్రొద్దుటూరులో పందిరి దగ్గరా ఉండేవాళ్లం. క్యాలెండరూ ఫోను నంబర్లూ నాకూ మా తమ్ముడికీ మా ఆవిడకూ ఒకేలా కనిపించాలని, మూడేళ్ల కిందట రాడికాలే అనే ఉచిత సర్వరును రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటరు మీద పెట్టుకున్నాను.

పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాము కనుక ఎక్కించడం తేలికే గానీ, ఫోనుకు అది కనిపించడానికి ఒక ఆదివారమంతా పట్టింది. రాడికాలే మొదట 5232 పోర్టు (నెట్‌వర్కులో ప్రోగ్రాముకు ఉండే తలుపు నంబరు) మీద తానున్న యంత్రానికి మాత్రమే జవాబిస్తుంది. ఫోన్లకూ జవాబివ్వాలంటే సెట్టింగుల ఫైలులో హోస్ట్స్ అనే వరుస మార్చాలి, అయితే అంతకుముందే పాస్‌వర్డుల ఫైలు సిద్ధం చేసుకోవాలి. ఊరు దాటితే దుకాణం వైఫై అందదు కాబట్టి, ఆరు నెలలకు దాన్ని ఇంటర్నెట్‌లోని చిన్న అద్దె సర్వరుకు మార్చి, దారిలో ఎవరూ చదవకుండా లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ పెట్టాను. అది 90 రోజులకే చెల్లిపోతుంది. దానంతటదే కొత్తదయ్యే ఏర్పాటు తప్పనిసరి.

ఇలాంటి సర్వరుతో ఫోను క్యాలెండరును క్యాల్‌డావ్ పద్ధతిలోనూ నంబర్లను కార్డ్‌డావ్ పద్ధతిలోనూ పంచుకుంటుంది. తమ్ముడి ఐఫోనులో ఆ ఖాతాలకు సెట్టింగుల్లోనే చోటుంది. ఆండ్రాయిడ్‌కు డావ్‌ఎక్స్5 అనే యాప్ కావాలి. ప్లే స్టోర్‌లో అది డబ్బులిచ్చి కొనాలి, ఎఫ్-డ్రాయిడ్ అనే మరో యాప్ స్టోర్‌లో ఉచితం.

అసలు దెబ్బ మాఘమాసంలో తగిలింది. పొద్దున తమ్ముడు రాసుకున్న తేదీ నా ఫోనుకు రాకముందే అదే సామానుకు నేను ఇంకొకరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. చివరికి తోటి దుకాణం నుంచి కుర్చీలు ఎక్కువ అద్దెకు తెచ్చి మాట నిలుపుకోవలసి వచ్చింది. మనం రాసింది సర్వరుకు వెంటనే వెళుతుంది గానీ, ఇతరులు రాసింది మన ఫోనుకు నిర్ణీత వ్యవధికోసారే వస్తుంది. డావ్‌ఎక్స్5లో ఆ వ్యవధి మొదట 4 గంటలుగా ఉంటుంది. దాన్ని 15 నిమిషాలకు తగ్గించి, బ్యాటరీ పొదుపు నుంచి ఆ యాప్‌కు మినహాయింపు ఇచ్చాను. అయినా అడ్వాన్సు చేతిలో పడే ముందు సర్వరుతో వెంటనే సరిచూసుకునే సింక్ బొత్తాం నొక్కడం ఇప్పుడు అలవాటైపోయింది.

పాత ఫోను నుంచి తెచ్చిన నంబర్లతో మరో తంటా వచ్చింది. ఫోను నంబర్లను దాచే పాతరకం వీకార్డ్ 2.1 ఫైలులో తెలుగు పేర్లు విడి అంకెలుగా మారి ఉంటాయి. ‘సు’ అన్న ఒక్క అక్షరం సమానపు గుర్తుల మధ్య ఆరు ముక్కలైంది. ఆ ఫైలును నేరుగా సర్వరుకు ఇవ్వకుండా, ఫోనులోని కాంటాక్ట్స్ యాప్‌లో డావ్‌ఎక్స్5 ఖాతాను ఎంచుకుని దిగుమతి చేస్తే పేర్లు చక్కగా వచ్చాయి.

సింక్ ఉంటే వేరే నకలు దాచుకోనక్కర్లేదని అనుకున్నందుకు కూడా మూల్యం చెల్లించాను. ఇంట్లో పిల్లవాడు ఒక ఫోనులో నంబర్లు కొన్ని చెరిపేస్తే, గంటలోపే అవి అందరి ఫోన్లలోనూ పోయాయి. రాడికాలే ఒక్కో నంబరునూ ఫోల్డరులో విడి ఫైలుగా దాస్తుంది, అదృష్టవశాత్తూ ఆ ఫోల్డరును రోజూ రాత్రి దుకాణంలోని పాత రాస్ప్‌బెర్రీ పై మీదికి నకలు తీస్తాను. ముందురాత్రి నకలు నుంచి పోయిన ఫైళ్లను మాత్రం తిరిగి పెట్టాను. వంట మాస్టరు నంబరును ఆ ఉదయమే మార్చి ఉండటంతో పాతదే వచ్చింది. కొత్తది మా ఆవిడ నోటుపుస్తకంలో చూసి చెప్పింది.