నడిరోడ్డు తొట్టికి కొబ్బరిపొట్టు ఇటుక పనికొస్తుందా?

విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధి చివర డివైడర్ మీద, ఎప్పుడో అందం కోసం పెట్టి తర్వాత ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన గుండ్రటి సిమెంటు తొట్లు మూడు ఉన్నాయి. పానీపూరీ దొప్పలు, టీ కప్పులు, కిళ్లీ ఉమ్ములు తప్ప వాటిలో మరొకటి చూసిన గుర్తు నాకు లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా పేట మునిగినప్పుడు అవి కూడా మునిగాయి. నీళ్లు తీశాక ఒక్కొక్కదానిలో జానెడు మందాన ఒండ్రు మిగిలింది. వాటిలో మొక్కలు వేయమని అడగవలసిన చోట రెండుసార్లు అడిగి, జవాబు రాకపోయేసరికి, 2025 జనవరిలో ఆ పని నేనే మొదలుపెట్టాను. అందుకోసం కొన్న అయిదు కిలోల కొబ్బరిపొట్టు ఇటుక గురించే ఈ సమీక్ష; కొబ్బరిడొక్క పొట్టును ఇటుకలా నొక్కి, మొక్కలకు మట్టి బదులు వాడుకోమని అమ్మే సరుకు ఇది. మేడ మీద కుండీల్లో ఈ సరుకు ఎలా పనిచేస్తుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, ఎండకూ లారీల గాలికీ మేకలకూ వదిలేసిన తొట్టిలో అది ఎంతవరకు నిలుస్తుందన్నది మాత్రమే నేను రాస్తున్నాను.

మనది కాని, ఎవరూ పట్టించుకోని చోట అడగకుండా ఇలా మొక్కలు వేసే పనికి గెరిల్లా గార్డెనింగ్ అని పేరు. 1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ అనే ఆమె, తన స్నేహితులతో కలిసి చెత్తకుప్పగా మారిన ఖాళీ స్థలాన్ని తోటగా మార్చినప్పుడు వారు తమను గ్రీన్ గెరిల్లాలని పిలుచుకున్నారు. అంత పెద్ద పేరు పెట్టుకునే ధైర్యం నాకు లేదు. తెల్లవారుజామున అయిదున్నరకు స్కూటర్ మీద నీళ్ల టిన్నుతో వెళ్లే రిటైర్డ్ మాస్టారిని చూసి ఎవరూ భయపడరు. టీ బడ్డీ అతను మాత్రం మొదటి రోజే, ‘మాస్టారూ, కాంట్రాక్టు మీకొచ్చిందా?’ అని అడిగాడు.

నర్సరీలో ఈ ఇటుక ఏ కంపెనీ పేరూ లేని పాలిథిన్ చుట్టులో దొరికింది. ఖరీదు రెండు వందల ఇరవై రూపాయలు. నీళ్లు పోస్తే డెబ్బై అయిదు లీటర్ల పొట్టు అవుతుందని అమ్మినతను చెప్పాడు. ఇంట్లో పెద్ద టబ్బులో వేసి, ఇరవై అయిదు లీటర్ల దాకా నీళ్లు పట్టించి, పదిహేను లీటర్ల బకెట్‌తో కొలిస్తే నాలుగు బకెట్లు నిండి, అయిదోదానిలో మూడో వంతు వచ్చింది. అంటే అరవై అయిదు లీటర్లు. చెప్పినదానికి కాస్త తక్కువే అయినా మోసమని అనలేను. అసలు ఈ సరుకు గొప్పతనమంతా మోతలోనే ఉంది. అంతే పరిమాణం మట్టిని తొట్టి దగ్గరకు చేర్చాలంటే తొంభై కిలోల దాకా మోయాలి, దానికి ఆటో మాట్లాడుకోవాలి, చూసినవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఇటుకైతే కాళ్ల దగ్గర పెట్టుకుని పోవచ్చు. మన తొట్టి కాని తొట్టిలో మొక్క వేసేవాడికి ఇంతకన్నా అనువైన సరుకు లేదని ఆ రోజు అనుకున్నాను.

ముందుగా ఒండ్రు తవ్వి తీసి, అడుగున మూసుకుపోయిన రంధ్రాలను ఇనుప చువ్వతో పొడిచి తెరిచి, పెంకుముక్కలు పరిచాను. మొదటి తొట్టిని గుప్పెడు వర్మీ కంపోస్టు కలిపిన పొట్టుతో నింపాను. రెండోదానిలో పొట్టు, ఒండ్రు, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపాను. మూడోదానిలో ఒండ్రు, ఎరువు మాత్రమే వేశాను. మూడింటిలోనూ బిళ్లగన్నేరు నారే పెట్టాను. ఆకు చేదు కాబట్టి మేక ముట్టదు, బెట్టకు తట్టుకుంటుంది, మూడడుగులు దాటదు కనుక మలుపు తిరిగే బండివాడికి ఎదురు కనబడకుండా అడ్డురాదు. ఒండ్రులో మురుగునీరు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆకుకూరల ఆలోచన పెట్టుకోలేదు. ఎవరైనా కోసుకుపోయి వండుకుంటే ఆ పాపం నాది.

మూడు వారాలు తిరిగేసరికి మొదటి తొట్టిలోని ఆకుల అంచులు మాడాయి, పొట్టు మీద తెల్లటి పొర పేరుకుంది. తప్పు సగం నాది, సగం సరుకుది. కొబ్బరిడొక్కలో సహజంగానే సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు ఉంటాయి; డొక్కలను ఉప్పునీటిలో నానబెట్టిన చోట అవి ఇంకా ఎక్కువ. మంచి తయారీదారులు పొట్టును మంచినీటితో పలుమార్లు కడుగుతారు. పెద్ద నర్సరీలకు పంపే సరుకునైతే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి ఆ సోడియాన్ని, పొటాషియాన్ని వదిలిస్తారు. చుట్టు మీద పేరే లేని ఇటుకకు ఇవన్నీ జరిగి ఉంటాయని నమ్మడం నా అమాయకత్వం. తర్వాత అదే పొట్టును బయటకు తీసి మూడుసార్లు కడిగితే మొదటి నీళ్లు టీ డికాక్షన్‌లా, మూడోసారివి పలచటి బెల్లం నీళ్లలా వచ్చాయి. ఇటుక కొనేవారు ఈ కడుగుడుకు ఒక పూటను, వంద లీటర్ల నీళ్లను కూడా ఖరీదులో కలుపుకోవాలి.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలైంది. కొబ్బరిపొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుందన్నది నిజమే. కానీ మా డివైడర్ మీద తొట్టికి పైనుంచి ఎండ, పక్కల నుంచి కాలిన సిమెంటు, కింద నుంచి తారురోడ్డు సెగ. ఒక్క రోజు నీళ్లు తప్పితే పొట్టు కుదించుకుపోయి తొట్టి గోడను వదిలేస్తుంది. మర్నాడు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి, వేళ్లకు అందకుండానే రోడ్డు మీదికి వచ్చేస్తాయి. నీళ్లు బాగా పోస్తున్న రోజుల్లో కూడా పైన పొడిగా, లోపల తడిగా ఉండి మనల్ని తికమక పెడుతుంది. వేలు రెండు కణుపులు దించి చూడనిదే తెలియదు. పైగా తేలిక కావడంతో లారీ వెళ్లిన ప్రతిసారీ పైపొర లేచిపోయేది, మొక్కలు ఊగి ఊగి మొదలు వదులయ్యేవి. రోహిణి కార్తె వచ్చేసరికి మొదటి తొట్టిలో ఆరింటికి ఒక్క మొక్క మిగిలింది. మూడో తొట్టి కథ వేరు: వట్టి ఒండ్రు ఎండి బీటలు తీసి, గునపం దిగనంత గట్టిపడింది, అందులో రెండు మొక్కలు బతికాయి గానీ ఎదగలేదు.

రెండో తొట్టిలో ఆరింటికి అయిదు బతకడమే కాదు, మే నెల ఎండలో కూడా పూశాయి. ఒండ్రు బరువు పొట్టును ఎగరనివ్వలేదు, పొట్టు ఒండ్రును బిగుసుకోనివ్వలేదు. అందులోని పొట్టు కూడా కడగనిదే అయినా, మూడో వంతే కావడంతో ఉప్పు బాధ పైకి తెలియలేదు. కొబ్బరిపొట్టులో పోషకాలు దాదాపు లేవు, పైగా అది మెల్లగా కుళ్లుతూ నత్రజనిని తనే తినేస్తుంది. పశువుల ఎరువు ఆ లోటు తీర్చి ఉంటుంది. వరదరోజుల్లో ఆ బురదను గుమ్మం నుంచి మూడు రోజులు ఎత్తిపోస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. దాన్ని ఇప్పుడు పాళ్లు కట్టి కొలిచి వాడుతున్నాను. జూలై వానలకు మిగతా రెండు తొట్లను కూడా ఇదే పాళ్లలో, కడిగిన పొట్టుతో తిరగవేశాను.

కాబట్టి ఒక్క ఇటుకనే నమ్ముకుని రోడ్డు మీద తొట్టి నింపదలచినవారికి దీన్ని నేను సిఫార్సు చేయను. అయిదుకు రెండు మార్కులు వేస్తాను. మట్టిలో మూడో వంతు కలపడానికి, కడిగే ఓపిక ఉంటే, నాలుగు వేయవచ్చు. మిగిలిన ఒక మార్కు చుట్టు మీద తయారీదారు పేరు, కడిగినదో కాదో తెలిపే ఒక ముక్క లేనందుకు తగ్గించాను.

రెండో తొట్టి పాళ్లు కొత్త పొట్టుతో సహా ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. వీధి మలుపులో నీళ్లు రాని పాత కుళాయి దిమ్మ మీద నా కన్ను పడింది. దాని గచ్చుకు నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. ముందు అది తెరుచుకోవాలి, లేకపోతే నీళ్లు పట్టే ఈ పొట్టుతో అక్కడ దోమలు తప్ప ఏమీ పెరగవు.