సియెనా దక్షిణాన సైకిల్ మీద: రోడ్డు బంగారం, బస దగ్గరే జాగ్రత్త

బస ప్రకటనలో "ఊరికి 2 కిలోమీటర్లు" అని ఉంటే ముందు అడగాల్సింది ఆ రెండు కిలోమీటర్లు పైకా, కిందకా అని. ఇటలీలో సియెనా ఉన్న టస్కనీ ప్రాంతంలో పాత ఊళ్ళన్నీ దాదాపు కొండ నెత్తినే ఉంటాయి. పియెంజా 491 మీటర్ల ఎత్తు, మోంటాల్చీనో 564, మోంటెపుల్చానో 605. రోజంతా ఎక్కి దిగాక చివర్లో ఇంకో ఎక్కుడు ఎలాగూ తప్పదు. తోటల్లోని పల్లె బసలు తీసుకుంటే అది రెండింతలవుతుంది. ఊరు కొండ మీద, బస లోయలో, భోజనం మళ్ళీ ఊళ్ళో.

మేం తీసుకున్న బస సరిగ్గా అలాంటిదే. ఇద్దరికి గది రాత్రికి 95 యూరోలు, టిఫిను కలిపి. ఫోటోల్లో సైప్రస్ చెట్ల వరసలు, ఈత కొలను. ఫోటోల్లో లేనిది, గేటు దాకా కిలోమీటరున్నర కంకర దారి, మధ్యలో 11 శాతం వాలు. సైకిళ్ళకి "సురక్షిత గది" అన్నారు, తీరా చూస్తే తలుపు లేని గడ్డి కొట్టం. దానికీ సైకిలుకి 10 యూరోలు, అదీ ఖాళీ చేసే రోజు బిల్లులో కనిపించింది. మనిషికి రాత్రికింత అని వేసే పర్యాటక పన్ను వేరు. ఆ పన్ను చాలాచోట్ల గది ధరలో కలపరు, నగదుగా అడుగుతారు. చిల్లర ఉంచుకోవాలి. ఇవన్నీ సర్దుకోవచ్చు. వారంలో ఒకరోజు వంటగది సెలవని, ఆ రోజు ఇదేనని సాయంత్రం ఆరున్నరకి చెప్పడం మాత్రం మర్యాద కాదు. మా బావ ఆ మాట విన్నాక పొద్దుటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

చీకట్లో భోజనానికి తొక్కాల్సి వస్తే ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. ఇటలీలో ఊరి హద్దు దాటాక, పొద్దు గూకిన అరగంట నుంచి సైకిల్ తొక్కేవాళ్ళు మెరిసే చొక్కా తొడుక్కోవాలి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఎలాగూ ఉండాలి. ఊరి బయట ఒకరి వెనక ఒకరే వెళ్ళాలి. అద్దె సైకిళ్ళకి దీపాలు ఉంటాయని అనుకోవద్దు, అడిగితే తప్ప ఇవ్వరు.

ఇక రోడ్ల సంగతి. సైకిల్ అనగానే అందరూ కియాంటి వైపే పరుగెడతారు. ద్రాక్షతోటల మధ్య సాగే 222 నంబరు రోడ్డు అందంగానే ఉంటుంది, కానీ శని, ఆదివారాల్లో మోటారు సైకిళ్ళ మోతతో చెవులు గింగుర్లెత్తుతాయి. ప్రశాంతత కోసం వచ్చినవాళ్ళు సియెనాకి ఆగ్నేయంగా వెళ్ళాలి. అషానో దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు సాగే 438 నంబరు రోడ్డుని లౌరెటానా అంటారు. ఊరు దాటే మొదటి ఆరేడు కిలోమీటర్లు కార్ల రద్దీ, భరించాలి. ఆ తర్వాత రోడ్డు గుట్టల వెన్ను మీదకి ఎక్కుతుంది. రెండు పక్కలా కనుచూపు మేర బంకమట్టి తిప్పలు, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న మట్టి. ఏప్రిల్, మే నెలల్లో గోధుమ పచ్చదనం. కోతలయ్యాక అంతా బూడిద రంగు. ఈ యాత్ర మొత్తంలో డబ్బు పెట్టి కొనలేనిది ఈ ఒక్క రోడ్డు. నీడ మాత్రం లేదు. జులై, ఆగస్టుల్లో పదింటి తర్వాత ఇక్కడ తొక్కడం శిక్షే. నీళ్ళు మనిషికి రెండు సీసాలు సియెనాలోనే నింపుకోవాలి.

అషానో నుంచి దక్షిణంగా వెళ్తే మోంటే ఒలివేటో మఠం. 1313లో బెర్నార్డో తోలొమెయి స్థాపించాడు. లోపలి ముంగిట చుట్టూ గోడల మీద సెయింట్ బెనెడిక్ట్ జీవితం, కొంత సిన్యొరెల్లి, మిగతాది సోదోమా వేసిన చిత్రాలు. సైకిల్ తొక్కే బిగుతు నిక్కర్లతో లోపలికి వెళ్ళడం బాగుండదు, సంచిలో ఒక పల్చటి లుంగీయో తువ్వాలో ఉంటే పని జరుగుతుంది.

పియెంజాకి చూడటానికే వెళ్ళాలి, తొక్కడానికి కాదు. రెండో పియస్ పోప్ తను పుట్టిన పల్లెని 1459 నుంచి రొసెలీనో అనే వాస్తుశిల్పి చేత కొత్త ఊరుగా కట్టించుకున్నాడు. ఊరంతా నడిచి చూడటానికి అరపూట చాలు. బాన్యో విన్యోని అనే చిన్న ఊళ్ళో ఊరి చావడి ఉండాల్సిన చోట వేడినీటి కొలను. అందులో దిగనివ్వరు, కింద పారే కాలువలో కాళ్ళు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అద్దె సైకిల్ గురించి. బస కంటే ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. రోజుకి 40 యూరోలు తీసుకుని మాకిచ్చిన కార్బన్ సైకిళ్ళకి ముందు చక్రాల పళ్ళు 52, 36. వెనక పెద్దదానికి 28. టైర్లు 25 మిల్లీమీటర్లవి. పందెం ఆడేవాళ్ళకి బాగుంటుంది. లెక్క వేస్తే తెలుస్తుంది. 36కి 28 అంటే పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ సుమారు 2.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి పది కిలోమీటర్లకి కాస్త తక్కువ. మనిషి, సైకిల్, సంచి కలిపి 85 కిలోలైతే, 12 శాతం వాలు మీద ఆ వేగానికి 270 వాట్ల పైనే శక్తి కావాలి. వారాంతాల్లో తొక్కేవాళ్ళు చాలామందికి 150 వాట్లు నిలబెట్టడమే కష్టం. అంటే చుట్లు నిమిషానికి ముప్ఫైకి పడిపోతాయి, బరువంతా మోకాళ్ళ మీద పడుతుంది. ముందు 30, వెనక 34 ఉంటే అదే శక్తితో 45 చుట్లు దాటుతాయి, మోకాళ్ళు బతుకుతాయి. కనుక బుక్ చేసేటప్పుడు సైకిల్ కంపెనీ పేరు అడగడం దండగ. ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనక పెద్దదానికి ఎన్ని, టైరు వెడల్పెంత అని అడిగి జవాబు రాతలో తీసుకోవాలి. 34కి 34 కంటే బరువైన గేరు ఇస్తామంటే ఇంకో షాపు చూసుకోవడమే.

టైర్ల వెడల్పు ఎందుకంటే, ఇక్కడ మంచి దారుల్లో చాలా భాగం తారు లేని తెల్ల కంకర రోడ్లు. ఏటా వసంతంలో స్ట్రాడే బియాంకే అనే పేరున్న సైకిల్ పందెం జరిగేది వీటి మీదే. మోంటే సాంతే మరీయే అనే 11.5 కిలోమీటర్ల ముక్కకి, మూడుసార్లు ఆ పందెం గెలిచిన స్విట్జర్లాండ్ సైక్లిస్టు కాన్సెల్లారా పేరు పెట్టారు. సన్న టైర్లో 90 పీఎస్‌ఐ గాలి కొట్టి దాని మీద దిగితే చేతులు తిమ్మిరెక్కుతాయి. అలాగని గాలి తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. 32 మిల్లీమీటర్ల టైరు వేసి, 75 కిలోల మనిషైతే ముందు 50, వెనక 55 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. కారు చక్రాలు నడిచి గట్టిపడిన గాడిలోనే పోవాలి. రాళ్ళన్నీ నడిమికీ అంచులకీ చేరి ఉంటాయి. దిగుడులో బ్రేకు మలుపుకి ముందే పట్టాలి, మలుపులో పడితే ముందు చక్రం జారుతుంది. వాన కురిసిన మర్నాడు బంకమట్టి బాటల జోలికి పోకూడదు. మట్టి ముందు ఫోర్కుకీ టైరుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు, పుల్లతో గీకినా పది అడుగులకే మళ్ళీ అదే కథ.

తిండి విషయంలో భయపడినంత జరగలేదు. పీచి అని చేత్తో పేనిన లావాటి సేమ్యా లాంటిది ఉంటుంది. దాన్ని అల్యోనే, అంటే టమాటా, పెద్ద వెల్లుల్లి కలిపిన పులుసులో కలిపి ఇస్తారు. మాంసం ఉండదు, మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. ఒక చిన్న ఊళ్ళో పన్నెండు యూరోలకి పెట్టిన పళ్ళెం తిన్నాక మా బావకి మాట తిరిగొచ్చింది. రిబొల్లీతా అనే బీన్సు, ఆకుకూర, రొట్టె పులుసు కూడా మంచిదే, కానీ మాంసం ఉడికించిన నీళ్ళు పోశారేమో అడగాలి. ఇక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. వంటవాడు మర్చిపోయాడని గొడవపడనక్కర్లేదు, అలవాటే అంత. బిల్లులో కోపెర్తో అని మనిషికి రెండు, మూడు యూరోలు వేస్తారు. అది మోసం కాదు, కూర్చున్నందుకు రుసుం. అసలు చిక్కు వేళలతో. పల్లెల్లో మధ్యాహ్నం రెండున్నరకి వంట ఆపేస్తారు, రాత్రి ఏడున్నర దాకా మొదలుపెట్టరు. మధ్యాహ్నం దుకాణాలు కూడా మూస్తారు. రెండు అరటిపళ్ళు, ఒక రొట్టె ముక్క సంచిలో లేకుండా లోయలోకి దిగొద్దు.

మళ్ళీ వెళ్తే పియెంజా దగ్గరో మోంటాల్చీనోలోనో బస తీసుకోం. బువోన్‌కాన్వెంతోలో దిగుతాం. పాత కోటగోడల మధ్య చిన్న ఊరు, ఎత్తు 147 మీటర్లే, రైలు స్టేషను నడిచే దూరం. చరిత్ర కావాలంటే అదీ ఉంది: ఏడో హెన్రీ చక్రవర్తి 1313లో చనిపోయింది ఇక్కడే. సంచులు గదిలో పడేసి ఖాళీ సైకిల్ మీద మోంటాల్చీనో ఎక్కి రావచ్చు. 400 మీటర్ల పైచిలుకు ఎక్కుడు, కానీ నిదానంగా పరుచుకున్న వాలు. సాయంత్రం తిరుగు దారంతా దిగుడే.

బువోన్‌కాన్వెంతో నుంచి సియెనాకి కాస్సియా రోడ్డు మీద తొక్కొద్దు. లారీలు భుజం రాసుకుంటూ పోతాయి. రైలెక్కండి. ప్రాంతీయ రైళ్ళలో మనిషి టికెట్టుకి అదనంగా సైకిలుకి 3.50 యూరోల టికెట్టు, అది ఆ రోజంతా చెల్లుతుంది. టైమ్‌టేబుల్లో సైకిల్ గుర్తున్న రైలు చూసుకోవాలి, కాగితం టికెట్టయితే ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. వేగం రైళ్ళలో విప్పి సంచిలో కట్టిన సైకిల్‌కే చోటు. సియెనా స్టేషను ఊరికి బాగా కింద ఉంటుంది, దిగాక ఇంకో ఎక్కుడు మిగిలే ఉంటుంది. జులై 2, ఆగస్టు 16 తేదీల్లో అక్కడ గుర్రప్పందేలు, ఆ వారాల్లో గది దొరికినా ధర వినకపోవడమే మేలు.